అయ్యగారు చదవని పేరు

యాభై ఏడో సంవత్సరం ఎండాకాలంలో మద్రాసు నుంచి వచ్చే రైళ్ళతో పాటే ఫ్లూ జ్వరం బిట్రగుంటలో దిగింది. రైల్వే కాలనీలో అది తొక్కని గడప లేదు. వారం రోజులు మంచం పట్టి లేచినవాళ్ళు లేచినారు, ఒంట్లో బలం లేనివాళ్ళు పోయినారు.

జయశీలకి పదహారేళ్ళు. పన్నెండో ఏట కీళ్ళ వాపులతో మొదలైన జబ్బు గుండెకి పాకింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఈ పిల్లకి ఫ్లూ తగిలితే గుండె తట్టుకోదని డాక్టరు చెప్పినాడు. ఆ మాట విన్నరోజే తల్లి సామ్రాజ్యం ఆమెని వెనకగదిలో పెట్టి తలుపేసింది. తండ్రి సంజీవరావు ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మను. ఊరూరూ తిరిగొచ్చే మనిషి కాబట్టి ఆయన పడక వరండాలోనే. తల్లి పళ్ళెం గుమ్మంలో పెట్టి, తలుపు తట్టి, వెనక్కి పోయి నిలబడేది. జయశీల తీసుకునేది. ఐదు వారాలుగా ఆ పిల్ల ఒంటిమీద మనిషి చెయ్యి పడలేదు.

ఆ గదికి ఒకటే కిటికీ. అవతల ప్రహరీ గోడ, గోడవతల చర్చి. ఆదివారం ఆరాధన అంతా మంచంమీద నుంచే వినొచ్చు. పాటలయినాక జీవానందం అయ్యగారు రోగుల పేర్లు చదివి ప్రార్థన చేస్తారు. ఆ పట్టీలోంచి పేరు పోవాలంటే రెండే దారులు. జబ్బు నయమైతే ఇంటివాళ్ళు లేచి నిలబడి కృతజ్ఞత చెప్పుకుంటారు. లేదంటే సమాధుల దొడ్డికి మోసుకుపోతారు. జయశీల పేరు నాలుగేళ్ళుగా అందులోనే వుంది.

అట్లా అందరిముందూ పేరు చదవడం ఆమెకి చచ్చేంత సిగ్గు. బళ్ళో ఆడపిల్లలు 'ప్రార్థనమ్మా' అని పిలిచేవాళ్ళు. ఆ సిగ్గుని నవ్వులోకి తిప్పినవాడు క్రీస్తురాజు ఒక్కడే. అతనికి పసితనం నుంచీ ఉబ్బసం. పట్టీలో అతని పేరు తర్వాతే ఈమె పేరు.

"ఇది మన హాజరు పట్టీ మే," అనేవాడు చర్చి మెట్లమీద రొప్పుతా. "దేవుడు పిలిచినప్పుడు మాత్రం ఇద్దరం పలకొద్దు. బడి ఎగ్గొట్టినట్టు ఎగ్గొట్టేద్దాం."

ఫ్లూ వచ్చిన మూడోవారం క్రీస్తురాజు పోయినాడు. జయశీలకి చర్చిలో కొట్టిన చావుగంట మాత్రం వినబడింది.

ఐదో ఆదివారం అయ్యగారు ముప్పై ఒక్క పేర్లు చదివినారు. జయశీల వేళ్ళు మడుస్తా విన్నది. తన పేరు రాలేదు. జనం ఆమేన్ అన్నారు.

జబ్బేమో నయం కాలేదు. ఇంట్లో ఎవరూ కృతజ్ఞత చెప్పలేదు. అయితే ఇంక మిగిలింది ఒకటే. ఎట్లాగూ పోయే పిల్ల గదా అని వదిలేసి, బతికేవాళ్ళ కోసం ప్రార్థన చేసుకుంటా వున్నారు.

ఆ మధ్యాహ్నం ఆమె అన్నం పళ్ళెం తీసుకోలేదు. సోమవారం పాలు విరిగిపోయినాయి. మంగళవారం నుంచి మాత్రలు కూడా మింగలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. ఏడుపన్నా రాలేదు.

బుధవారం పొద్దున తల్లి తలుపు తట్టింది.

"ఏమ్మే, గంజన్నా తాగు. మజ్జిగ కలిపినా."

జయశీల దుప్పటి మొహంమీదకి లాక్కుంది.

"ఆయాసంగా వుండాదా? డాక్టరుగారికి కబురు చేస్తే ఆయనకే జొరమంట."

"నాకెందుకు డాక్టరు?" అంది జయశీల గోడతోనే. "పేరు తీసేసినారు గదా. అయ్యగారికి తెలిసింది నీకు తెలీదా?"

తలుపవతల తల్లి నేలమీద చతికిలబడిన చప్పుడు.

"అయ్యగారు తియ్యలా. నేనే తీయించినా."

"ఎందుకు?"

"చెప్తే నవ్వుతావు."

"చెప్పు మా. నవ్వి ఐదు వారాలైంది."

"తొలివారం తొమ్మిది పేర్లు చదివినారు. అందులో సమాధానం తాత పోయినాడు. పోర్టరు బిడ్డ పోయింది. క్రీస్తురాజు పోయినాడు. వరసనే పోతా వుండారు మే. వాడి తర్వాత నీ పేరు. అట్టా గట్టిగా చదివితే చావుకి వినబడదా అనిపించింది నాకు. వినబడకపోతే మన గుమ్మం దాటి పోతుందనుకున్నా. పోయి అయ్యగారి కాళ్ళు పట్టుకున్నా. ఇది అవిశ్వాసం సామ్రాజ్యం, అన్నారాయన. అననీ. నాకు మాత్రం తెలవదా?"

జయశీలకి నిజంగానే నవ్వొచ్చింది. దిష్టి తీసేవాళ్ళని చర్చి స్త్రీల సమాజంలో నిలబెట్టి మందలించే తల్లి! పక్కింటి మస్తానమ్మ మంత్రించిన నిమ్మకాయ తెస్తే గుమ్మంలోంచే తిప్పి పంపిన తల్లి! నవ్వు సగంలో దగ్గయింది, దగ్గు ఏడుపయింది. తలుపవతల కూడా ఏడుపే.

"నన్ను చచ్చినదాని కింద జమ కట్టేసినారనుకున్నా మా."

"నా నోరు పడిపోను. నీతో ఒక్కమాట చెప్పాలని తోచలా."

"నాకు భయంగా వుండాది."

నాలుగేళ్ళలో ఆ మాట పైకి అనడం అదే మొదలు. మొహంలో భయం కనబడితే చాలు, భయపడకు, ప్రార్థన చేసుకో అని పెద్దవాళ్ళు ఆ మాటని నోట్లోనే ఆపేసేవాళ్ళు. ఈసారి తల్లి అట్లా అనలేదు.

"నాకూ అంతే మే," అంది. "తలుపుకి చెవి ఆనించి నీ ఊపిరి వింటా కూర్చుంటా."

జయశీల మంచం దిగి, గోడ పట్టుకుని నడిచొచ్చి, తలుపుకి వీపు ఆనించి కూర్చుంది. మనిషి వెచ్చదనం చెక్కలోంచి రాదు. కానీ తల్లి కదిలినప్పుడల్లా తలుపు కొంచెం కదులుతుంది.

"వచ్చే ఆదివారం మళ్ళా చదివించమంటావా, వద్దా?" అడిగింది తల్లి. "నువ్వెట్టా అంటే అట్టా."

పేరు ఎక్కించినప్పుడు గానీ తీయించినప్పుడు గానీ జయశీలని ఎవరూ అడగలేదు. ఆమె ఆలోచించింది. చదివితే మళ్ళీ ప్రార్థనమ్మ. చదవకపోతే ఆ మూడు రోజుల గోడ. పైగా ముందు క్రీస్తురాజు పేరు లేకుండా తన పేరొక్కటే వినబడితే ఓర్చుకోగలదో లేదో తెలియలేదు.

"ఇప్పుడే చెప్పలేను. ఆదివారానికి ఇంకా నాలుగు రోజులుండాయి గదా."

"వుండాయి."

"అయితే గంజి గుమ్మంలో పెట్టి నువ్వు వెనక్కి పో. ఆకలేస్తా వుండాది."