రూబీకి కొబ్బరి నూనె

సెప్టెంబరులో ఒక శనివారం ఉదయం ఏడు గంటలకు, విండ్సర్ దగ్గర పశువుల ప్రదర్శన జరిగే చోట, దమయంతి తన మనవరాలి పెయ్యకు ఒళ్ళంతా కొబ్బరి నూనె రాసింది. పోటీ పది గంటలకు.

పెయ్య పేరు రూబీ. దాన్ని గ్లెన్ అనే రైతు కొట్టంలో ఉంచి పెంచుతున్నది పదిహేనేళ్ళ వర్ష. జుట్టు పెరగడానికి వేసవి అంతా దాణాలో ఒక పొడి కలిపి పెట్టింది. చలికాలం వచ్చిందని పెయ్య ఒళ్ళు నమ్మాలని రోజూ తడిపి, దువ్వి, ఫ్యాను ముందు నిలబెట్టింది. రూబీకి వేళ్ళు దూరేంత జుట్టు వచ్చింది. ఇక్కడ మొదటి మూడు స్థానాల్లో ఉంటేనే ప్రావిన్స్ పోటీకి, అంటే రాష్ట్రస్థాయికి, వెళ్ళొచ్చు.

రాజమండ్రి నుంచి వచ్చిన దమయంతికి ఈ పద్ధతి మొదటినుంచీ నచ్చలేదు. కడుపులోకి అంత పొడి పోసి, పైన చుక్క నూనె లేకుండా ఎండబెడతారా అని అడుగుతూనే ఉంది. ఎవరూ పట్టించుకోలేదు. వర్ష టిఫిన్ తేవడానికి వెళ్ళగానే సంచిలోంచి సీసా తీసింది. తోకకు జడ కూడా వేసింది.

తిరిగొచ్చిన వర్ష పశువుల్ని కట్టేసిన పాక గుమ్మంలోనే ఆగిపోయింది.

"అమ్మమ్మా, వాట్ డిడ్ యూ డూ?"

"నూనె రాశానే. నీ తలకెలాగూ రాయనివ్వవు. ఇదైనా కదలకుండా నిలబడింది."

ఆ జుట్టు లేచి నిలబడితేనే పెయ్య నిండుగా కనిపిస్తుందని, నూనె తగిలితే ఒంటికి అతుక్కుపోతుందని వర్ష సగం ఇంగ్లీషులో చెప్పి, మిగతా సగం ఏడ్చింది. గ్లెన్ వచ్చి చూశాడు. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. వెళ్ళి గిన్నెలు తోమే సబ్బు తెచ్చాడు.

ముగ్గురూ కలిసి కడిగారు. దమయంతి కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని బకెట్లు మోసింది. జుట్టు ఆరబెట్టే గాలి మిషను ఒక్కటే ఉంది. ఎడమ పక్క జుట్టు లేచేసరికి మైకులో వర్ష పేరు పిలిచారు. కుడి పక్క ఇంకా అతుక్కునే ఉంది.

రింగులో వర్ష ఎడమ పక్కనే చూపిస్తూ నడిపించింది. జడ్జి కుడి వైపుకు వెళ్ళాడు. వర్ష పెయ్యను తిప్పింది. ఆయన మళ్ళీ వెళ్ళాడు, ఆమె మళ్ళీ తిప్పింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. దమయంతి నవ్వలేదు, కంచె పట్టుకుని నిలబడింది. మూడోసారి జడ్జి చెయ్యెత్తి ఆగమన్నాడు. కుడి పక్క జుట్టులో వేళ్ళు పెట్టి, ఆ వేళ్ళు వాసన చూసుకున్నాడు. ఏదో అడిగాడు. వర్ష కంచె వైపు చూపించింది.

దమయంతి పైట సర్దుకుని నమస్కారం పెట్టింది.

జడ్జి చెయ్యి తుడుచుకుని పెయ్య నడుము, కాళ్ళు తడిమి చూశాడు. ఇంకోసారి నడిపించమన్నాడు. తర్వాత మైకు అందుకున్నాడు.

ఏడు పెయ్యల్లో రూబీకి మూడో స్థానం వచ్చింది.