తడిపిన ఆకు ఆగదు

"అక్షరం పొల్లు పోవద్దు" అంటూ రాజలింగం కాగితాల కట్టను బల్ల మీద పెట్టాడు. శాంత అప్పుడే మధ్యాహ్నం గిన్నెలు తోమి తడిచేతులు కొంగుకు తుడుచుకుంటోంది. పదకొండేళ్లుగా ఇదే మాట. బొగ్గుబాయిలో ఇంజనీరు ఆయన. సెలవు దొరికితే కోరుట్ల ఇంటికి వచ్చి కథలు రాస్తాడు. కోడి గెలికినట్టుండే ఆ రాతను చదవగలిగేది ఈ భూమ్మీద శాంత ఒక్కతే. అందుకని ఫెయిర్ కాపీ ఆమె రాయాలి, దాన్ని తిరగేసి చూడకుండానే ఆయన పత్రికకు పంపాలి. "నీ రాత ముత్యాల లెక్కుంటది, మల్ల సదువుడెందుకు?" అంటాడు, అచ్చయ్యాక కూడా చదవడు. అది పొగడ్తో బద్ధకమో ఆమెకు ఇప్పటికీ తేలలేదు.

వసారాలో అత్త చిన్నవ్వ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేస్తోంది. ఇంజనీరు తల్లివి, నీకెందుకవ్వా అంటే "చేతులు ఊకుండయి" అంటుంది. కొడుకు రాస్తున్నప్పుడు మాత్రం కోడలికి ఒకటే ఆజ్ఞ: "చాయ్ పొయ్యి, గంతే. రాసేటోని కాడ నీకేం పని?"

ఈసారి కథ ఒక బీడీల ఆమెది. మొగుడు దుబాయి పోయి రెండేళ్లయింది, ఉత్తరం లేదు. "పొద్దున్నే లేచి ఎండు తునికాకు కత్తిరించసాగింది" అన్న చోటికి వచ్చేసరికి శాంత పకపకా నవ్వింది.

"ఏందే, ఏడ్సే కథకు నవ్వుతున్నవ్?"

"ఎండాకుకు కత్తెర పెడితే పెళపెళ ఇరుగుతదండీ. ముందురోజే తడిపి గోనెసంచిల కప్పాలె, మల్ల ఆరకముందే కత్తిరియ్యాలె."

"గంత చిన్న సంగతి ఎవలు సూస్తరు? రాయి."

భూమిలో రెండు వందల గజాల లోతున బొగ్గుపొర ఎటు వంగిందో చెప్పే మనిషికి కన్నతల్లి చాటలో ఏముందో తెలియదు! శాంతకు తెలుసు. పదో తరగతి పుస్తకం చాట అంచుకు ఆనించుకుని తానూ బీడీలు చేసింది. వాడకట్టు ఆడవాళ్లకు దుబాయికీ మస్కట్‌కూ ఉత్తరాలు రాసిపెట్టేది ఇప్పటికీ తనే. వాళ్లు చెబుతున్నప్పుడు ఏడుపు ఉండదని కాదు, కానీ మొగుణ్ని తిట్టుకోవడం, నవ్వుకోవడం అంతకు రెట్టింపు ఉంటుంది. ఈయన కథల్లో ఆడవాళ్లేమో గుమ్మానికి ఆనుకుని కన్నీళ్లు కారుస్తూనే ఉంటారు. ఆగలేక మొదట ఒక మాట మార్చింది. తర్వాత ఒక వాక్యం, ఆ తర్వాత ఆడవాళ్లు మాట్లాడే చోట్లన్నీ. "ఆ సంభాషణలు ఎంత సహజం!" అని పాఠకులు ఉత్తరాలు రాస్తే "సూసినవా నా పరిశీలన!" అని ఆయనే ఆమెకు చదివి వినిపించేవాడు. ఆమె చాయ్ పోసేది. కడుపు మండేది. అయినా తన వాక్యాన్ని అచ్చులో చూసుకుని, వంటింటి తలుపు దగ్గరికేసి, ఒక్కతే గిరగిరా తిరిగిన రోజులూ ఉన్నాయి. అబ్బ, ఆ సంతోషం ఇంక దేనితోనూ రాదు!

కానీ వచ్చే నెల ఆ కథలన్నీ పుస్తకంగా వస్తున్నాయి. అట్ట మీద ఒకటే పేరు. అది అచ్చయిపోతే ఇక ఎవరితో చెప్పుకున్నా నమ్మరు. శాంత పెన్ను పట్టుకుని ఈసారి ముగింపు మొత్తం తీసేసి తనది రాసింది.

ఆదివారం జగిత్యాలలో కథలు చదివే సభ. ముందు వరసల్లో బీడీలు చేసే ఆడవాళ్లను కూర్చోబెట్టారు. చిన్నవ్వ కూడా వచ్చింది. రాజలింగం ఫెయిర్ కాపీ తీసి గొంతు సవరించుకుని చదివాడు. కథలో ఆమె ఆకు తడిపింది. పొద్దున కత్తిరిస్తుంటే దుబాయి ఉత్తరం వచ్చింది. ఆమె దాన్ని విప్పకుండా చాట కింద పెట్టి పక్కింటామెతో అంది: "రెండేండ్లు నేను ఆగిన. గీ ఉత్తరం రెండు గడియలు ఆగనీ. తడిపిన ఆకు ఆగది."

సభ గొల్లున నవ్వింది. చప్పట్లే చప్పట్లు. రాజలింగం మాత్రం కాగితాన్ని దగ్గరికీ దూరానికీ జరిపి చూసుకుంటున్నాడు.

ముందు వరసలోంచి నాగవ్వ లేచింది. వాళ్ల వాడకట్టే, మొగుడు మస్కట్ పోయి తొమ్మిదేళ్లు. "సారూ, గీ మాట మీకెట్ల దొరికింది? మీరెప్పుడన్న బీడీలు చేసిండ్రా?"

"అంటే... పరిశీలన..."

శాంత వెనక వరసలో ఉంది. కూర్చుంటే ఇక ఎప్పటికీ కూర్చోవడమే. లేచింది.

"నేను చేసిన. గా మాట రాసింది గూడ నేనే."

"మా ఆమె మజాక్ చేస్తది" అని రాజలింగం నవ్వబోయాడు.

"మజాకేందిరా?" చిన్నవ్వ కేకేసింది. "పదకొండేండ్ల సంది వసారాల కూసొని సూస్తున్న. నువ్వు డ్యూటీకి పోయినంక గూడ అది రాస్తనే ఉంటది. నీకు ఆకు తడుపుడు తెల్వది, ఊకో!"

ఆడవాళ్లంతా విరగబడి నవ్వారు. రాజలింగం చెవులు ఎర్రబడ్డాయి. కాసేపు కాగితం వైపు, కాసేపు భార్య వైపు చూశాడు. చివరికి తనకూ నవ్వు ఆగలేదు. "రా, మిగిలింది నువ్వే సదువు" అని కాగితాలు చేతిలో పెట్టాడు. శాంత నాగవ్వ వైపు తిరిగి చివరిదాకా చదివింది.

తిరుగు బస్సులో ఆయనే అన్నాడు: "అట్ట మీద రెండు పేర్లు ఏయిద్దాం." శాంత ఊఁ కొట్టి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. కొండగట్టు గుడి నుంచి పక్క జీపులో వస్తున్న ఒక చిన్నపిల్ల చేయి ఊపితే తనూ ఊపింది.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం ఆయన పడక్కుర్చీలో కూర్చోగానే శాంత వచ్చి ఒక కాగితాల కట్టను ఆయన ఒళ్లో పెట్టింది. పైన ఆమె పేరు ఒక్కటే ఉంది.

"కథనా? మరి ఫెయిర్ ఎవలు రాస్తరు?"

"మీరే" అంది శాంత, పెన్ను మూత తీసి ఇస్తూ. "అక్షరం పొల్లు పోవద్దు."