అవతలి ఒడ్డు కబురు

గడియారాల షాపు మేడ మీద గది రేడియో క్లబ్బుది. సభ్యులు ఏడుగురు. ఆదివారం పొద్దున చేరేవాళ్లు. లైసెన్సు ఉన్నవాళ్లు దూరదేశాల వాళ్లతో మాట్లాడేవాళ్లు, లేనివాళ్లు పక్కన కూర్చుని నేర్చుకునేవాళ్లు. షాపు యజమానే కార్యదర్శి. అందరికీ ఆయన గడియారాలాయన. ఆయన భార్య మాత్రం ఆ సరదాను గాలితో కాపురం అనేది.

ఆ ఏడు ఏరు పొంగి వంతెన కొట్టుకుపోయింది. ఫోన్లు మూగబోయాయి. క్లబ్బు మనిషి ఒకడు చేతి సెట్టుతో అవతలి ఒడ్డున చిక్కుకున్నాడు. రెండు రోజులు ఊరికి వార్తలన్నీ ఆ గదిలోంచే వచ్చాయి.

మూడో రోజు మధ్యాహ్నం ఒక ముసలామె మెట్లెక్కి వచ్చింది. కొడుకు లారీ డ్రైవరు, అవతల ఉన్నాడు. ఆమె ఇల్లు గట్టు పక్కనే. ఆ వాడ వాళ్లను మెరక మీదున్న బడికి తరలిస్తున్నారు. కొడుకు సంగతి తెలిస్తే గానీ కదలనని భీష్మించుకు కూర్చుంది. పొద్దున పలికిన అవతలి సెట్టు ఇప్పుడు ఎన్నిసార్లు పిలిచినా పలకలేదు. గడియారాలాయన పొద్దుటి నుంచి ముగ్గురికి చావు కబురు చెప్పి ఉన్నాడు. ఇంకో ఏడుపు వినే ఓపిక లేకపోయింది.

"బాగానే ఉన్నాడట పెద్దమ్మా. పడవలో బయల్దేరాడట," అన్నాడు.

ఆమె ఆయన చేతులు కళ్లకద్దుకుంది. "ఆకలి మీద వస్తాడు నాయనా," అంటూ దిగిపోయింది. బడికే వెళ్తుందనుకున్నాడు. ఆమె ఇంటికి వెళ్లింది. సాయంత్రం గట్టు తెగి ఆ ఇల్లు మునిగింది. ఆమె బయటపడలేదు.

మర్నాడు అవతలి సెట్టుకు కారు బ్యాటరీ దొరికింది. వచ్చిన కబుర్లలో ఆరోది డ్రైవరుది: నేను క్షేమం, మా అమ్మను బడికి చేర్చండి. గడియారాలాయన దాన్ని పుస్తకంలో రాసుకుని, అందిందని బదులిచ్చాడు. ఏడోది రాయడానికి చెయ్యి రాలేదు.

నాలుగు రోజులకు డ్రైవరు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నేను బయల్దేరానని అమ్మకు చెప్పింది మీరేనా?"

"నేనే. నీ సంగతి నాకేం తెలియదు బాబూ. అబద్ధం చెప్పాను."

తనను రెండు దెబ్బలు కొడితే బాగుండునని ఆయనకు అనిపించింది. డ్రైవరు కొట్టలేదు.

"నేనొస్తానని అమ్మ తలుపు గడియ కూడా వేసుకోలేదండీ," అని చెప్పి వెళ్లిపోయాడు.

మంచికే కదా చెప్పావని సభ్యులు ఎంత సర్దిచెప్పినా ఆయన మళ్లీ మైకు ముట్టలేదు. తీగలు లాగడం, సెట్లు బాగుచేయడం మానలేదు. కొత్తగా చేరినవాళ్లకు మొదటి ఆదివారమే ఈ సంగతంతా తనే చెప్తాడు. విని, మళ్లీ రానివాళ్లూ ఉన్నారు.