రెండో గోలు తర్వాత

పెళ్ళయిన ముప్పై ఏడో రోజున ఆయన కొండలెక్కాడు. హైటెన్షన్ కరెంటు టవర్లు బిగించే ఉద్యోగం. ఇన్నాళ్ళూ ఊరికి దగ్గర్లోనే పని, కొండల మీదికి ఇదే మొదటిసారి. ఒకసారి వెళితే ఇరవై నాలుగు రోజులు. ఆ కొండల్లో సిగ్నల్ ఉండదు, ఫోను తీసుకెళ్ళినా టార్చిలైటుగా తప్ప పనికిరాదు. అందుకని బయల్దేరే ముందు దాన్ని భార్య చేతిలో పెట్టి, ఇంటి తాళాలు అప్పగించినంత జాగ్రత్తగా ఒక పని అప్పగించాడు.

"బుధవారం, శనివారం మ్యాచ్ ఉంటుంది. గంట ముందు గ్రూపులో గోలీ హాజరు పిలుస్తాడు. 'లెఫ్ట్ హాఫ్, హాజరు' అని కొట్టు చాలు. అంతకన్నా ఒక్క ముక్క రాయకు. వాళ్ళు ఒట్టి వాగుడుకాయలు, పట్టుకుంటే వదలరు."

"కొట్టకపోతే ఏమవుతుందండీ?"

"వరసగా మూడుసార్లు పలకకపోతే చోటు పోతుంది. అవతల ఎనిమిది మంది కాచుక్కూర్చున్నారు."

ఆమెకు నవ్వు వచ్చింది. ఆయన ముఖం చూసి లోపలే దాచుకుంది.

ఆ గ్రూపులో పదకొండు మంది. అందరూ ఒకే హాకీ జట్టు అభిమానులు. ఒకప్పుడు స్టేడియంలో ఒకే వరసలో కూర్చుని గొంతులు చించుకున్నవాళ్ళు. బదిలీలు, బతుకుతెరువులు తలోదిక్కుకీ విసిరేశాక ఫోనులో చేరారు. జట్టులో ఉన్నట్టే ఒక్కొక్కరికీ ఒక్కో స్థానం, ఆ స్థానమే పేరు. గోల్‌కీపర్ రిటైరైన బస్సు కండక్టరు, అందరికీ గోలీ. సెంటర్ ఫార్వర్డ్ సెలూన్ నడుపుతాడు. ఈమె భర్త లెఫ్ట్ హాఫ్, మైదానంలో ఎడమ పక్క కాచేవాడు.

మూడో అంతస్తులో ఒక గది, గదిలోనే వంట. కిటికీ తెరిస్తే టైర్ల దుకాణం వెనక గోడ. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ గోడ ఉన్న సంగతే ఆమె గమనించలేదు. గ్లాసులో రెండు టూత్ బ్రష్షులు పక్కపక్కన నిలబడి ఉండటం చూసి పొద్దున్నే మురిసిపోయేది. ఆయన వెళ్ళిన మర్నాడు ఆ గ్లాసులో ఒకటే ఉంది, గోడ మాత్రం కిటికీ నిండా ఉంది.

పగలు ఆమెకు కళ్ళజోళ్ళ దుకాణంలో పని. అద్దాల అంచులు అరగదీయటం, పూసగింజంత స్క్రూలు బిగించటం, ఫ్రేము కొత్త ముఖానికి సరిపడేలా వంచటం. "పైకి చూడండి. ముక్కు మీద బిగుతుగా ఉందా? చెవుల వెనక?" రోజుకి ఇరవైసార్లు అవే మాటలు. కళ్ళజోడు పెట్టుకున్న మనిషి ఎదుటి బోర్డు మీద చిన్న అక్షరాలు చదవగలిగి నోరు తెరిస్తే, తానే ఆ అక్షరాలు రాసినంత సంబరం ఆమెకి. ఆ సంబరం ఎవరికి చెప్పుకోవాలి? దుకాణం యజమాని నోట్లో నాలుక లేని మనిషి. సాయంత్రం గది తలుపు తీసేటప్పటికి లెక్క చూసుకుంటే, ముక్కులూ చెవులూ తప్ప మరో విషయం మాట్లాడి ఉండేది కాదు. ఆదివారం మాత్రం ఆయన కొండ కింద కంపెనీ స్టోరులో ఉన్న ల్యాండ్‌లైను నుంచి మూడు నిమిషాలు మాట్లాడేవాడు. వెనక ఎవరో తమ వంతు కోసం దగ్గుతూ ఉండేవారు.

మొదటి బుధవారం చెప్పింది చెప్పినట్టు కొట్టింది. తర్వాత ఊరికే చదువుతూ కూర్చుంది. జట్టుకి కొత్త కోచ్ వచ్చాడట. ఏడుగురు సీనియర్లని సాగనంపి, మీసాలైనా సరిగా రాని కుర్రాళ్ళని దింపాడట. జట్టుని పునాదుల నుంచి కడుతున్నాం, మూడేళ్ళు ఓపిక పట్టండి అన్నాడట.

"పునాదులు తవ్వటం వరకూ బాగానే జరుగుతోంది. వారానికి రెండు గోతులు," అని రాశాడు రైట్ బ్యాక్.

"నా షాపూ అంతే. కొత్త అద్దం పెడతానని పాతది తీసి మూడు నెలలు. కస్టమర్లు ఉత్త గోడకి ఎదురుగా కూర్చుని తలలు అప్పగిస్తున్నారు," అని సెంటర్ ఫార్వర్డ్.

"అప్పగించిన తలలు తిరిగి తీసుకెళ్తున్నారా?" అని గోలీ.

గదిలో ఒంటరిగా ఆమె పకపకా నవ్వింది. తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది.

శనివారం చెయ్యి ఊరుకోలేదు. "లెఫ్ట్ హాఫ్, హాజరు. గిన్నెలు తోముతున్నాను," అని కొట్టేసింది.

"చూశారా. నలభై రోజుల్లో మనిషిని మార్చేసింది. చెల్లెమ్మకి నా నమస్కారం చెప్పు," అన్నాడు సెంటర్ ఫార్వర్డ్.

"చెప్పాను. నవ్వింది."

అందులో అబద్ధం ఎక్కడుందో ఆమెకు దొరకలేదు.

అప్పట్నించి బుధవారాల కోసం, శనివారాల కోసం వారం నడిచింది. దుకాణంలో చూసిన వింతలన్నీ దాచుకుని తెచ్చేది. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని అదే కళ్ళజోడు కోసం వెతుక్కున్న పెద్దాయన సంగతి 'మా ఆవిడ చెప్పింది' అంటూ రాస్తే పదిమందీ పడీ పడీ నవ్వారు. చిన్న టీవీలో మ్యాచ్ చూస్తూ పెనాల్టీ కార్నర్ అంటే ఏమిటో తెలుసుకుంది. ఎవరు ఎవరి మీద పడుతున్నారో తెలుసుకుంది. జట్టు మాత్రం ఓడిపోతూనే ఉంది.

ఒక సాయంత్రం పాత మెసేజీలు పైపైకి జరుపుతూ పోయింది. రెండేళ్ళ కిందట ఆయన రాసింది కనిపించింది. "ఇవాళ్టికి మీతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు." ఇదే గది, ఇదే గోడ. ఇంకా కిందికి వస్తే, పెళ్ళయిన మొదటి వారంలో రాసింది. "ఇంట్లో ఇంకో మనిషి నడుస్తున్న చప్పుడు వినబడుతోంది. మ్యాచ్ మీద మనసు లేదు."

ఫోను ఒళ్ళో పెట్టుకుంది. ఆయన లేకుండా ఆయన ఇన్నాళ్ళూ ఉన్న చోట తాను ఉండటం తమాషాగా తోచింది.

ఐదో మ్యాచ్‌లో జట్టు ఏడు గోల్స్ తిన్నది. అందులో మూడు ఎడమ వైపు నుంచి వచ్చినవే. అక్కడ ఆడేది పంతొమ్మిదేళ్ళ కొత్త కుర్రాడు. గ్రూపులో అందరూ వాణ్ణి దుమ్మెత్తిపోస్తుంటే ఆమె ఉండబట్టలేక రాసింది. "ఆ అబ్బాయిని తిట్టకండి. కొత్త ఇంటికి వచ్చాడు. ఏ తలుపు ఎటు తీస్తే ఏముంటుందో ఇంకా తెలియదు."

తిట్లు ఆగాయి. మ్యాచ్ అయ్యాక గోలీ దగ్గర్నుంచి ఆమెకు మాత్రమే ఒక మెసేజీ వచ్చింది.

"అమ్మాయ్, మావాడు కొండ ఎప్పుడు దిగుతాడు?"

ఆమె ఆ ప్రశ్న రెండుసార్లు చదివింది. దాచి లాభం లేదనిపించింది. "ఎలా తెలిసింది బాబాయ్ గారూ?"

"కొండ డ్యూటీ పడేలా ఉందని వాడు ముందే అన్నాడు. పైగా ఆరేళ్ళుగా చూస్తున్నాను. రెండో గోలు పడ్డాక వాడు ఒక్క నిమిషం ఉండడు. అలిగి, ఫోను కట్టేసి, దుప్పటి కప్పుకుంటాడు. నువ్వు ఏడో గోలు దాకా కూర్చున్నావు. ఒకడి పాసు మీద ఇంకొకడు ఎక్కితే ముప్పై ఏళ్ళు పట్టుకున్నవాణ్ణి, ఆమాత్రం తెలియదా?"

"అందరికీ తెలుసా?"

"మూడో మ్యాచ్ నుంచీ. ఎవరూ నోరెత్తలేదు. ఆఖరిదాకా ఉండే లెఫ్ట్ హాఫ్ మాకు ఇప్పటిదాకా లేడమ్మా."

ఆయన ఒక శుక్రవారం దిగివచ్చాడు, ఎండకు మాడిన ముక్కుతో, సంచీ నిండా మాసిన బట్టలతో. గ్లాసులో మళ్ళీ రెండు బ్రష్షులయ్యాయి. అన్నం తింటూ శుభవార్తలా చెప్పాడు. "సోమవారం వెళ్ళే క్యాంపులో సిగ్నల్ ఉంది. ఫోను తీసుకెళ్తాను. రోజూ మాట్లాడుకోవచ్చు."

ఆమె సంతోషించింది. నిజంగానే సంతోషించింది. ఆయన జేబులోకి తిరిగి చేరిన ఫోను వైపు మాత్రం ఒకసారి చూసింది.

మర్నాడు సాయంత్రం రెండో క్వార్టర్లో రెండో గోలు పడింది. ఆయన ఫోను కట్టేసి, టీవీ కట్టేసి, దుప్పటి కప్పుకున్నాడు. అచ్చం గోలీ చెప్పినట్టే. ఆమెకు ముందు నవ్వు, వెంటనే దిగులు.

"ఇంకా రెండు క్వార్టర్లు ఉన్నాయండీ."

దుప్పట్లోంచి గొంతు. "చూసేదేముంది?"

"వాళ్ళు కూర్చునే ఉంటారు. ఇప్పుడు సెంటర్ ఫార్వర్డ్ అన్నయ్య అద్దం సంగతి ఎత్తుతాడు. దానికి బాబాయ్ గారు ఏదో అంటారు."

దుప్పటి కదలటం ఆగింది. ఆమె అంతా చెప్పేసింది.

ఆయన లేచి కూర్చున్నాడు. జుట్టంతా రేగిపోయి ఉంది. "పాతవి కూడా చదివావా?"

"చదివాను."

"రెండేళ్ళ కిందటిదీ?"

"మీరు అది ఈ గదిలోంచే కదా రాశారు. ఇప్పుడు నేను ఇక్కడే ఉంటున్నాను."

ఆయన దుప్పటి పక్కకి నెట్టాడు. ఫోను తీసి, గోలీకి పొడుగ్గా ఏదో రాశాడు. తీర్పు వెంటనే వచ్చింది. "పదకొండు మందికి పన్నెండో సీటు లేదు. కానీ హాకీలో ఒకే చోటికి మనిషిని ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. అమ్మాయిని తన ఫోను నుంచి చేరమను, చదువుకోమను. నువ్వు అలిగి దిగిపోయాక ఆమె మాట్లాడుతుంది. ఒకరు దిగకుండా ఇంకొకరు ఎక్కటం కుదరదు."

సోమవారం ఆయన వెళ్ళిపోయాడు. బుధవారం ఆమె దుకాణం నుంచి పరుగులాంటి నడకతో వచ్చి, చెప్పులు వదిలీ వదలకుండా టీవీ పెట్టింది. గ్రూపులో హాజరు నడుస్తోంది. "లెఫ్ట్ హాఫ్, హాజరు. టవరు కింద, టీ గ్లాసుతో," అని ఆయన. అవతలి ఊళ్ళో ఉన్న మనిషి పక్కింట్లోంచి పలికినట్టుంది.

పదో నిమిషంలో ఒక గోలు పడింది. ఆమె బొటనవేలు ఫోను మీదికి వచ్చి నిలబడింది. ఇవాళ చెప్పవలసినది చాలా ఉంది. కొత్త కళ్ళజోడు పెట్టుకుని మొదటిసారి తన భర్త ముఖం మీద మచ్చ చూసిన ముసలావిడ సంగతి ఉంది.

రెండో గోలు పడలేదు.

మూడో క్వార్టర్లో మనవాళ్ళు ఒకటి వేసి సమం చేశారు. గ్రూపు అల్లరితో ఊగిపోతోంది. సెంటర్ ఫార్వర్డ్ సగం గడ్డం గీసిన కస్టమర్ని వదిలేసి రాస్తున్నాడు. అవతలివాళ్ళకి పెనాల్టీ కార్నర్ వచ్చింది. బంతి గోలు వైపు దూసుకొస్తుంటే ఆమె టీవీ దగ్గరికి జరిగింది. పడితే బాగుండునని మనసులో ఒక మూల అనుకుంది. పంతొమ్మిదేళ్ళ కుర్రాడు కర్ర అడ్డం పెట్టి ఆపేశాడు. ఆమె సిగ్గుతో టీవీ ముందు తల దించుకుంది, చూసేవాళ్ళు ఎవరూ లేకపోయినా.

రెండు ఒకటితో గెలిచారు. ఈ ఏడాది మొదటి గెలుపు. ఆయన ఒక్క నిమిషం కూడా కదలలేదు. పదిమందీ ఒకరి మాట మీద ఒకరు పడి రాసుకుంటుంటే ఆమె చదువుతూ కూర్చుంది, నవ్వుతూనే. ఒక్కొక్కరే భోజనాలకు వెళ్ళిపోయారు. అప్పుడు ఆయన రాశాడు.

"ఆఖరిదాకా ఉండటం ఇదే మొదలు. ఇప్పుడేం రాయాలో తెలియదు. దిగుతున్నాను."

"లెఫ్ట్ హాఫ్, హాజరు," అని ఆమె కొట్టింది. "అబ్బాయికి ఇంట్లో తలుపులు తెలిశాయి." ఆ తర్వాత ముసలావిడ సంగతి మొదలుపెట్టి, ఎక్కడా తొందరపడకుండా, మచ్చ దాకా రాసింది.

ఎవరూ పలకలేదు. అందరూ తింటూ ఉంటారు. ఆమె కంచంలో అన్నం పెట్టుకుని, ఫోనుని కంచం పక్కన, వెలుగు పైకి కనిపించేలా పెట్టుకుంది.