చెయ్యి పెట్టొద్దన్న చోటు

గోవిందరాజన్ వేలు పళ్ళపొడితో పై వరసంతా తిరిగి, కింద కుడివైపు రుద్ది, ఎడమ దవడ దగ్గరకు రాగానే ఆగిపోయింది. కొన్నేళ్ళుగా అది అక్కడే ఆగుతోంది. ఆ చివరి మూడు పళ్ళూ డాక్టరు భీమేశ్వరరావు దవడ ఎముకలో లోహపు రేకు దింపి దానిమీద కట్టినవి. వాటిని తడిగుడ్డతో పైపైన తుడిచి, చిగురు జోలికి పోకుండా పుక్కిలించాడు. నీళ్ళతోపాటు చీము, నెత్తురు పడ్డాయి.

పెళ్ళాం చెంగమ్మ చూడనే చూసింది. "ఏంది మామా, ఇంకా ఎన్ని దినాలు దాస్తావు? పల్లు డాక్టరు కాడనే పని చేస్తా ఉండావు, పల్లు నొస్తా ఉండాదని చెప్పేదానికి నోరు రాలేదా?"

"చెప్తే పెరికేస్తాడు. అది పోతే నన్ను ఎందుకని పెట్టుకుంటాడు?"

అందులో అబద్ధమేమీ లేదు. సామాన్లు మరగబెట్టడానికి, ఉమ్మిన తొట్టి కడగడానికి ఎవరైనా దొరుకుతారు. గోవిందరాజన్ ఉద్యోగమంతా అతని నోట్లోనే ఉంది. యానాం నుంచి వచ్చిన డాక్టరుగారు ఫ్రాన్సులో నేర్చుకున్న కొత్త విద్యకు ముందుగా ఒక దవడ కావలసి వచ్చింది. క్లినిక్కులో నేల తుడిచే గోవిందరాజన్‌కు ఆ మూడు పళ్ళ చోటూ ఖాళీ. అడగడమైతే అడిగారు గానీ, కాదనే వీలెక్కడిది? తుడిచేవాడు అటెండరయ్యాడు. ఇప్పుడు 1984వ సంవత్సరం వచ్చినా అదే తంతు. కొత్త పేషెంటు గుమ్మం ఎక్కితే చాలు, "గోవిందరాజన్, నోరు తెరు" అని కేక. డాక్టరు టార్చి వేసి ఆ పళ్ళ తెలుపును పొగుడుతుంటే, నోరు తెరుచుకుని నిలబడ్డవాడు ఏం మాట్లాడతాడు పాపం!

తన ఊరు అరియాంకుప్పంలో బస్సెక్కి, కుదుపుకొకసారి దవడ పట్టుకుంటూ టౌనులో దిగాడు. నాలుకతో తోస్తే మూడు పళ్ళూ కలిసి కదులుతున్నాయి. ఈ ఒక్కరోజూ ఎవరూ కొత్తవాళ్ళు రాకుంటే బాగుండునని దేవుణ్ణి వేడుకున్నాడు.

వచ్చాడు. బట్టల కొట్టు బాలకృష్ణన్, గట్టి బేరగాడు. టార్చి వెలుగులో చూసింది అతనికి చాలలేదు.

"చూసేదానికి బాగుండాది. నమిలేదానికి ఆగుతుందా?"

డాక్టరుగారికి రోషం వచ్చింది. వీధిలో బండి మీదినుంచి పచ్చి జామకాయ తెప్పించారు. గోవిందరాజన్ దాన్ని తెలివిగా కుడిపక్కకు తోశాడు.

"అటు కాదయ్యా, ఇటు! గట్టిగా కొరుకు."

కొరికాడు. చప్పుడేమీ కాలేదు. కాయను బయటికి లాగితే పళ్ళు కూడా రేకుతో సహా దానితోనే వచ్చేశాయి. బాలకృష్ణన్ చెప్పులు వెతుక్కున్నాడు.

డాక్టరు దూది అందించి, రేకుకు పట్టిన నల్లటి పాచి చూశారు. చిగురు కిందికి దిగిన ఆ పాచే ఎముకను తినేసిందని ఆయనకు వేరే చెప్పనక్కర్లేదు.

"ఇక్కడ తోమడం లేదేంటయ్యా నువ్వు?"

"మీరే గదా సార్ చెప్పినారు, ఆడ చెయ్యి పెట్టొద్దని."

"అది కుట్లు ఆరేదాకా! ఆ నెల్లాళ్ళకీ!"

"ఎప్పటిదాకా అనేది చెప్పలేదు సార్. మీరు పెట్టిన పల్లు. నేనుగా ఎట్ల తాకేది?"

ఆయన ముఖం చిన్నబోయింది. ఇన్నేళ్ళలో ఆ పళ్ళను ఊరంతటికీ చూపించారు గానీ, చిగురు ఎత్తి తాను చూసుకున్నది లేదు. టార్చి చేతిలోకి తీసుకున్నారు.

"పోన్లే, భయపడకు. గాయం మానాక ఇంకో రకం రేకు వేద్దాం. ఏదీ, నోరు తెరు."

గోవిందరాజన్ ఆ టార్చి వంక చూశాడు. మళ్ళీ ఆ కుర్చీ, ఆ టార్చి, ఆ కేక. పని పోతుందన్న భయం కన్నా, పోదన్న సంగతే అతన్ని ఎక్కువగా భయపెట్టింది. దూది కరిచిపట్టి నోరు గట్టిగా మూసుకున్నాడు. డాక్టరు మరోసారి అడిగినా తెరవలేదు. దణ్ణం పెట్టి, మధ్యాహ్నపు ఎండలోకి దిగాడు.

మర్నాడు క్లినిక్కు తాళం డాక్టరే తీయాల్సి వచ్చింది. ట్రేలో ఆ జామకాయ కొరికినచోట గోధుమరంగు తిరిగి ఉంది, మూడు తెల్లటి పళ్ళు ఇంకా దాన్ని పట్టుకునే ఉన్నాయి.