ఒకే అటక

పొక్లెయిన్ బకెట్ లింగమూర్తి ఇంటి ముందు గోడకు తగిలింది. పగులు పడింది పక్కింటి చంద్రమ్మ వంటింట్లో. పొయ్యి మీది పప్పులో సున్నం రాలింది.

శేరిలింగంపల్లిలో ఆ వరుసను లైనిండ్లు అంటారు. ఒకప్పుడు ఫ్యాక్టరీ నడిపిన ఇంగ్లీషు దొర తన దేశంలో ఇళ్లలాగే కట్టించాడు. ఎర్ర ఇటుక, ఏటవాలు పెంకుల కప్పు, మంట ఎరగని పొగగొట్టాలు. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. కప్పు కింద ఈ చివరి నుంచి ఆ చివరికి అడ్డులేని అటక. ఫ్యాక్టరీ మూతపడ్డాక కార్మికులు కొట్లాడి పట్టాలు తెచ్చుకున్నారు.

నడిమి ఇంటి లింగమూర్తి బిల్డర్‌కు అమ్మినప్పుడు ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆయన ఇల్లు, ఆయన ఇష్టం అనుకున్నారు.

చంద్రమ్మ వచ్చి బకెట్ ముందు నిలబడింది.

"మీ ఇల్లు ముట్టుకోమండి. మేం కొన్నదే కూలుస్తాం," అన్నాడు బిల్డర్ మనిషి దినేశ్.

"నడిమి గోడ సగమే కూలగొడ్తవా? ఏదీ, ముందుగల నీ మీసం సగం గీక్కొని రా."

జనం నవ్వారు. దినేశ్ లింగమూర్తి ఇంటి తలుపుకు తాళం వేయించాడు. "రేపు పోలీసులతో వస్తాం."

సాయంత్రం అందరూ చంద్రమ్మ గడప ముందు చేరారు. లింగమూర్తి కూడా వచ్చాడు.

"ఏం మొఖం పెట్టుకొని వచ్చినవ్ మామా?" అంది కావ్య. ఐటీ ఆఫీసులో ఊడ్చే పని ఆమెది.

"నా ఇల్లే అమ్మిన అనుకున్న బిడ్డా."

"అందరం అమ్ముదాం. రేటన్నా వస్తది," అన్నాడు ఆమె తమ్ముడు మహేశ్.

"ఆ పైసలకు ఈడ కారు నిలిపే జాగ గూడ రాదు," అంది కావ్య.

"ఇగ బంజెయ్యుండ్రి," అంది చంద్రమ్మ. "ఆయన అమ్మిననాడు మనం గూడ గమ్మునున్నం. రేపు ఏం జేద్దాం, అది చెప్పుండ్రి."

లింగమూర్తి కప్పు వైపు చూశాడు. "తాళం తలుపుకే ఏసిండ్రు. అటకకెయ్యలే."

తెల్లవారి పోలీసులు వచ్చారు. అడ్డం నిలబడ్డ చంద్రమ్మను వ్యాన్ ఎక్కించారు. దినేశ్ తాళం తీశాడు. లోపల నేల మీద ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్ల మధ్య లింగమూర్తి.

"అమ్మేశావు కదయ్యా. నీకిక్కడేం పని?" అన్నాడు దినేశ్.

"ఇల్లమ్మిన సార్. వాళ్ల గోడ అమ్మలే."

పోలీసులు ఒక్కొక్కరినీ మోసుకెళ్లి వ్యాన్‌లో వేశారు. గది ఖాళీ అయింది. దినేశ్ ఆపరేటర్‌కు చెయ్యి ఊపాడు. బకెట్ లేచింది.

అటక సందులోంచి మట్టి రాలింది. రెండు కాళ్లు కిందికి దిగాయి. కావ్య. ఆమె వెనక మహేశ్.

ఆపరేటర్ ఇంజన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "లోపల మనుషులున్నరు సార్."

ఇంజన్ ఆగాక అందరికీ వినిపించింది. వరుస పొడవునా, పెంకుల కింద, మోకాళ్ల మీద పాకి వస్తున్న చప్పుడు.