పురిటింటి కత్తి

డాక్టరు ప్రయాణం వద్దనడంతో పంకజాక్షి కాన్పుకు పుట్టింటికి రాలేదు. నెలలు నిండకుండానే నొప్పులు పట్టాయనీ, అమ్మను కలవరిస్తోందనీ హైదరాబాదు నుంచి అల్లుడు ధనంజయ టెలిగ్రాం ఇచ్చాడు. రైలెక్కితే మర్నాటికి గాని చేరదు. వడమాలపేట దాటి ఎరగని తల్లి మునిరత్నమ్మ చెవి కమ్మలు అమ్మేసి, విమానంలో వస్తున్నానని అల్లుడికి తిరుగు టెలిగ్రాం ఇచ్చి, రేణిగుంట వచ్చింది. కన్నకడుపు మరి!

ఆమె చీరల మూటలో అరచేతంత కత్తి ఉంది. వాళ్ళింట్లో ఏ ఆడపిల్ల పురుడు పోసుకున్నా ఆ కత్తే పక్క కింద పెడతారు. దారిలో ఎవరికీ చూపకూడదు, దాని మాట ఎత్తకూడదు. ఎత్తితే బిడ్డకు కీడని అత్తగారు ఎప్పుడో చెప్పింది.

విమానాలను దారి మళ్ళించి ఎత్తుకుపోతున్న రోజులవి. తనిఖీ ఉండాల్సిందే, ఎవరు కాదన్నారు? ఆమెకు ముందు పట్టుపంచె పెద్దమనిషి ఒకాయన నిలబడ్డాడు. ఆయన ఆకువక్కల పెట్టెలో అడకత్తెర బయటపడింది. పోలీసు నవ్వి, పెట్టె తానే మూసి, మర్యాదగా చేతికిచ్చి పంపాడు.

మునిరత్నమ్మ వంతు వచ్చింది. ఇనప సామాను ఏమైనా ఉందా అని అడిగితే తలవంచుకుని లేదంది. మూట విప్పారు. ఇంకేముంది!

ఎందుకు దాచావు, ఎవరు పంపారు అని గదిలో కూర్చోబెట్టి తిప్పి తిప్పి అడిగారు. ఆమె ఇక దాచలేదు. పురుటి సంగతి చెప్పింది, టెలిగ్రాం చూపించింది.

"కత్తి మీరే పెట్టుకోండి సామీ. నన్ను మాత్రం పోనీండి. నా బిడ్డ పిలస్తా ఉండాది."

పై అధికారి వచ్చేదాకా కదలడానికి లేదన్నారు. ఆయన వచ్చేసరికి విమానం లేచిపోయింది. ఆయన టెలిగ్రాం చదివి, కత్తి అటూ ఇటూ తిప్పి చూసి, ఇంతేనా అని తిరిగి ఇచ్చేశాడు. పాపం, ఆ మాట ముందే అనేవాడు ఒక్కడూ లేకపోయాడు.

ఆమె సాయంత్రం రైలెక్కింది. మర్నాడు ఆసుపత్రికి చేరేసరికి బిడ్డను కని పంకజాక్షి కన్నుమూసింది. తెల్లవార్లూ వాకిలి వైపే చూసిందట. ధనంజయ పసిదాన్ని అత్తగారి ఒళ్ళో పెట్టి, విమానంలో వస్తారనుకున్నామే అని గోడకు ఆనుకుని ఏడ్చాడు.

మునిరత్నమ్మ పసిదాన్ని పడుకోబెట్టి కత్తి తీసింది. అందరూ చూస్తుండగానే పక్క కింద పెట్టింది.

"నేను అబద్ధం చెప్పినాను నాయనా, తప్పు నాదే. కానీ ఆ పెద్దాయన అడకత్తెరను విమానం ఎక్కనిచ్చినారు. కత్తి వదిలేసి వస్తానన్నా నన్ను ఎక్కనీలేదు."